బాండు కారుకు జర్మన్ గేరు... బావగారి కారుకు జపాన్ గేరు!

రాజమండ్రి నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. తారల చిరునామాలు అడుగుతూ వచ్చే ఉత్తరాల మధ్య ఇది వేరుగా కనిపించి ఆగాను. సంగతి ఇదీ:

“మా తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారు పదిహేనేళ్ళుగా షెడ్డులో పడుంది. ఇంజను బాగానే ఉంది, గేరుబాక్సు పోయింది. మా మెకానిక్కేమో ‘పాతది పారేసి మారుతీది వేసేద్దాం బాబూ, వెన్నలా నడుస్తుంది’ అంటున్నాడు. మా నాన్నగారేమో ‘ఆ కారు మీద చెయ్యి పడితే ఊరుకోను’ అంటున్నారు. మీరు సినిమా కార్ల గురించి రాస్తుంటారు కదా, తీర్పు మీరే చెప్పండి.”

తీర్పు చెప్పడానికి నేనేం పెదరాయుణ్ణి కాను. పైగా తండ్రీకొడుకుల మధ్య దూరిన మూడోవాడు బాగుపడ్డట్టు ఏ కథలోనూ లేదు. కానీ సరిగ్గా ఇలాంటి తగాదాయే ఇంగ్లండులో, మా బావగారి గ్యారేజీలో, నా కళ్ళముందు జరిగింది. ఆ కథ చెబుతాను. అయితే ఇది సినిమా పత్రిక గనక ముందు సినిమా కారుకు కొబ్బరికాయ కొట్టాలి.

బాండుగారి గుట్టు

1964లో వచ్చిన ‘గోల్డ్‌ఫింగర్’ చూశారా? షాన్ కానరీ నడిపిన ఆ వెండిరంగు కారు ఆస్టన్ మార్టిన్ డీబీ5. సీటు ఎగిరిపోవడం, దీపాల వెనకనుంచి తుపాకులు రావడం... అదంతా మీకు తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. డీబీ అంటే డేవిడ్ బ్రౌన్. 1947లో పత్రికలో ప్రకటన చూసి ఆస్టన్ మార్టిన్ కంపెనీని కొన్న ఆసామి. ఆయన కుటుంబ వ్యాపారం ఏమిటనుకున్నారు? గేర్లు! హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో తాతల నాటినుంచీ పళ్ళచక్రాలు చేసి లోకానికి అమ్మిన వంశం అది.

అంతటి గేర్ల వంశం వాడు డీబీ5 కారుకు ఐదు గేర్ల పెట్టె ఎక్కడినుంచి తెప్పించాడో తెలుసా? జర్మనీ నుంచి! జెడ్.ఎఫ్. అనే కంపెనీ దగ్గర. మిఠాయి కొట్టు యజమాని ఇంట్లో పెళ్ళికి పక్క ఊరి కొట్టునుంచి లడ్డూలు తెప్పించినట్టు! ఎందుకూ అంటే అది బాగుంది గనక. వ్యాపారి గదా, బాగున్నదేదో ఆయనకు తెలుసు.

అక్కడితో అయిందా? 1977లో ‘ది స్పై హూ లవ్డ్ మి’ చిత్రంలో సముద్రంలో దూకి జలాంతర్గామిగా మారిన తెల్ల కారు లోటస్ ఎస్ప్రీ. ఆ మోడలుకు గేరుబాక్సు ఫ్రాన్సుది, సిట్రోయెన్ వాళ్ళది. ఇక 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’లో మళ్ళీ డీబీ5 కనిపిస్తుంది. ఫైటింగుల్లో గింగిరాలు తిరిగినవి అసలు కార్లు కావు. వాటికోసమే కార్బన్ ఫైబర్ ఒంటితో చేసిన నకళ్ళు.

ఏతావాతా తేలిందేమిటంటే, లోకమంతా ఇంగ్లీషు కార్లని మురిసిపోయిన వాటిలో కూడా లోపల తిరిగేది పరాయి సరుకే. మనకిది కొత్తా? తెరమీద పెదవి కదిపేది ఒకరు, గొంతు ఇంకొకరిది. రామారావుగారికీ, నాగేశ్వరరావుగారికీ కూడా ఘంటసాల వారే పాడారు. పాట వింటూ ‘ఇది మోసం’ అని లేచి వెళ్ళిపోయిన ప్రేక్షకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

బావగారి ఎర్ర కారు

మా పెద్దక్క వాళ్ళుండేది లెస్టర్‌లో. బావగారు డాక్టరు. ముప్ఫయ్యేళ్ళుగా అక్కడే. మనిషి నెమ్మది, ఖర్చు విషయంలో మరీ నెమ్మది. అలాంటాయన ఒక్క విషయంలో మాత్రం డబ్బు లెక్కచెయ్యడు. అదే ఆయన ఎంజీబీ కారు. ఎరుపు రంగు, రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, 1972 మోడలు.

ఎంజీబీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. 1962లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ అనే ఊళ్ళో 1980 దాకా తయారైంది. ఐదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అంటే ఇది రాజుల కారు కాదు. గుమాస్తా, టీచరు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు జీతం దాచుకుని కొనుక్కున్న కారు. ఇంజను 1,798 సీసీ. మన అంబాసిడర్‌లో ఉండిన 1,489 సీసీ పెట్రోలు ఇంజనుకు ఇది స్వయానా అన్న. రెండూ బీఎంసీ వారి ‘బి’ సిరీస్ కుటుంబమే. ఆ కారు బానెట్టు ఎత్తగానే నాకు ఎవరో మనవాళ్ళు కనిపించినట్టనిపించిందంటే కారణం అదే.

ఆ కారును బావగారికి అమ్మింది పక్కింటి పెద్దాయన. ఎనభై దాటిన ఇంగ్లీషాయన. జీవితమంతా వర్క్‌షాపులో గేరుబాక్సులు విప్పి బిగించిన చేతులు ఆయనవి. కారు మాత్రం ఆయన వాడింది కాదు, ఆయన భార్య వాడింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడే నడిపింది. ఆవిడ పోయాక కారును చూస్తూ ఉండలేకా, పరాయివాళ్ళకు అమ్మలేకా, పక్కింట్లోనే ఉంటుంది గదా అని బావగారికి ఇచ్చాడు.

కారైతే వచ్చింది గానీ నడిస్తేగా! రెండో గేరు వేస్తే ‘కర్ర్’మని అరిచేది. మోటర్‌వే ఎక్కితే లోపల కూర్చున్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. “ఒరేయ్, మీ బావ కార్లో ఒక్కసారి లండను వెళ్ళొచ్చాను. రెండ్రోజులు చెవుల్లో ఝుమ్మని మోగింది. మళ్ళీ ఎక్కితే ఒట్టు!” అని మా అక్క నాకు ఫోనులోనే చెప్పింది. ఏడాదికి నాలుగు ఆదివారాలు బయటికి తీయడం, తుడిచి మళ్ళీ లోపల పెట్టడం... అదీ దాని బతుకు.

నాలుగు గేర్లు చాలవా?

చాలకేం! 1962 నాటి పల్లె రోడ్లకు భేషుగ్గా చాలు. గేరుబాక్సు అనేది ఇంజను వేగానికీ చక్రాల వేగానికీ శ్రుతి కలిపే పెట్టె. ఎంజీబీలో మొదటి గేరులో ఇంజను 3.44 చుట్లు తిరిగితే వెనక్కి వెళ్ళే షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. రెండో గేరులో 2.17, మూడులో 1.38. నాలుగులో ఇద్దరూ సమానం, ఒకటికి ఒకటి. ఆపైన ఇంకో మెట్టు లేదు.

అక్కడి మోటర్‌వే మీద గరిష్ఠ వేగం గంటకు 70 మైళ్ళు, అంటే దాదాపు 113 కిలోమీటర్లు. నాలుగో గేరులో ఆ వేగానికి ఎంజీబీ ఇంజను నిమిషానికి సుమారు 3,900 చుట్లు తిరగాలి. పల్లవి అయిపోయినా పై స్థాయి దిగని గాయకుడిలా అది అరుస్తూనే ఉంటుంది. పక్కన లారీలు, మీద గుడ్డ టాపు!

దీనికి ఆ రోజుల్లోనే ఒక మందు ఉండేది. పేరు ఓవర్‌డ్రైవ్. లేకాక్ డి నార్మన్‌విల్ అని దాని పూర్తి నామధేయం. ఆ డి నార్మన్‌విల్ అనే ఆయన ఇంజినీరే కాదు, మోటారు విషయాలు రాసే పత్రికా రచయిత కూడా. (మా కులంవాడే! రాసేవాళ్ళు ఊరికే రాయడం తప్ప ఏమీ చెయ్యరనే వాళ్ళు గమనించ ప్రార్థన.) గేరుబాక్సు తోకకు తగిలించిన ఆ చిన్న పెట్టె, స్విచ్చి వేస్తే చాలు, ఇంజను 82 చుట్లకే షాఫ్టును 100 చుట్లు తిప్పుతుంది. కాకపోతే ఎంజీబీలో చాలాకాలం అది అదనపు డబ్బిస్తేనే దొరికేది. 1975 నుంచి గానీ బ్రిటన్‌లో అమ్మే కార్లన్నిటికీ రాలేదు. బావగారి కారు 1972ది. మొదట కొన్నవాడెవడో ఆ నాలుగు పౌన్లూ మిగుల్చుకున్నాడు.

ఏకలవ్యుడి గురుదక్షిణ

ఇక్కడ కథలోకి జపాను ప్రవేశిస్తుంది. 1989లో మాజ్దా కంపెనీవారు ఎంఎక్స్-5 అని ఒక చిన్న కారు విడుదల చేశారు. రెండు సీట్లు, గుడ్డ టాపు, ముందు ఇంజను, వెనక చక్రాలకు శక్తి. చూస్తే ఎక్కడో చూసినట్టుంటుంది. ఉండదూ మరి! 1960ల నాటి ఇంగ్లీషు స్పోర్ట్సు కార్లను ముందు పెట్టుకుని, వాటిలోని సరదా ఉంచి, నూనె కారడం, వానకు మొరాయించడం తీసేసి చేసిన కారు అది. అప్పటికే అబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్ళయింది. గురువు కొట్టు కట్టేశాడు, దూరాన్నుంచి చూసి నేర్చుకున్న శిష్యుడు విలువిద్య ప్రదర్శించాడు. సాక్షాత్తూ ఏకలవ్యుడి కథే!

మరి గురుదక్షిణ మాటేమిటంటారా? అదీ ఇచ్చాడు. ఎంఎక్స్-5 కారుకు ఐదు గేర్ల పెట్టె ఉంది. గేరు మారిస్తే చిటికె వేసినంత తేలిక. దాన్ని తీసి ఎంజీబీకి బిగించడానికి కావలసిన జోడింపు సామగ్రి ఇంగ్లండులో తయారవుతోంది. ఆ పెట్టెలో ఐదో గేరు నిష్పత్తి 0.814. అంటే అదే 70 మైళ్ళ వేగంలో 3,900 చుట్లు కాస్తా 3,200 లోపుకు దిగుతాయి. గంట ప్రయాణంలో ఇంజను 40 వేలకు పైగా చుట్లు తక్కువ తిరుగుతుంది. ఆ మేరకు చప్పుడు తక్కువ, అరుగుదల తక్కువ.

ఇంకో దారి ఫోర్డు వారి టైప్ 9 గేరుబాక్సు. 1980ల్లో సియెర్రా కార్లలో వచ్చింది. అందులో ఐదో గేరు 0.82. కానీ మొదటి గేరు 3.65. ఎంజీబీ అసలు గేరు 3.44 కంటే అది ఇంకా పొట్టి. కారు ఇలా కదిలిందో లేదో అలా రెండో గేరుకు మార్చాలి. మాజ్దాది 3.14 కాబట్టి ఆ తొందర లేదు. బావగారు ఈ అంకెలన్నీ మందుల చీటీ వెనక వేసుకుని నెల్లాళ్ళు చూసుకున్నారట.

నిజం దాచకూడదు. ఒకసారి అంకెలు మళ్ళీ చూడండి. పాత ఓవర్‌డ్రైవ్ 0.82, కొత్త మాజ్దా ఐదో గేరు 0.814. తేడా ఏముంది? దాదాపు శూన్యం! అంచేత ఓవర్‌డ్రైవ్ ఉండి, అది బాగా పనిచేస్తున్న కారుకు ఈ ఆపరేషను అక్కర్లేదు. వేగం కోసం చేయిస్తున్నామనుకునే వాళ్ళకు దక్కేది నిరాశే. అసలు లాభం గేరు మారడంలో ఉన్న సుఖం, అరిగిన పెట్టె పీడ వదలడం. బావగారి కారుకు ఓవర్‌డ్రైవూ లేదు, రెండో గేరుకు ఆయుష్షూ లేదు.

తగాదా

ఈ మాట పక్కింటి పెద్దాయన చెవిన పడింది. గోడ అవతలనుంచి వచ్చి గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయనన్న మాటలు తెలుగులో చెబుతున్నాను.

“పాత పెట్టెను నేను బాగుచేసి ఇస్తాను. రింగులు మార్చితే సరిపోతుంది. జపాన్ వాడి పేగులు దీనికెందుకు?”

“ఎన్నిసార్లు బాగుచేసినా మోటర్‌వే మీద మా ఆవిడ ఎక్కదండీ. ఎవరూ ఎక్కని కారు నాకెందుకు?” అన్నారు బావగారు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఆ రెండో గేరు అరిగింది ఊరికే కాదు. మా ఆవిడ చెయ్యి అది. ఎప్పుడూ తొందరే. ఎన్నిసార్లు చెప్పినా క్లచ్చి పూర్తిగా తొక్కేది కాదు. వీధి చివర ఆ ‘కర్ర్’ వినపడితే టీ నీళ్ళు పొయ్యిమీద పెట్టేవాణ్ణి” అన్నాడు.

మా బావగారికి నోట మాట రాలేదు. నాకూ రాలేదు. తగాదా గేరుబాక్సు గురించి అనుకున్నాం. కాదు. ఒక మనిషి చప్పుడు గురించి. దానికి ఏ నిష్పత్తి చూపించి జవాబు చెబుతారు?

చివరికి దారి చూపించింది మా అక్క. టీ కప్పులు తెచ్చి ఆయన చేతికి ఒకటిచ్చి, “పాతది పారెయ్యం. నూనె రాసి దాచిపెడతాం. మీకెప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు. కారు ఒంటిమీద ఒక్క కోత పడకూడదు. అలా అయితేనే పని మొదలుపెట్టేది. ఏమంటారు బాబాయిగారూ?” అంది. బాబాయిగారూ అనే మాట తెలుగులోనే అంది. ఆయనకు అర్థమైనట్టే తల ఊపాడు. మర్నాడు పొద్దున్నే తన పానాల పెట్టె పట్టుకుని వచ్చాడు.

ఆపరేషను థియేటర్లో

ఎంజీబీలో గేరుబాక్సును ఒక్కదాన్నే కిందినుంచి దించడం కుదరదు. ఇంజనూ గేరుబాక్సూ కవలల్లా అతుక్కుని ఒక్కసారే బయటికి రావాలి. ముందు బ్యాటరీ తీగలు విప్పారు. ఆ మోడల్లో బ్యాటరీ ఒకటి కాదు, సీట్ల వెనక ఆరేసి వోల్టులవి రెండు. తరవాత బానెట్టు, రేడియేటరు. గొలుసు కప్పీ పెట్టి ఎత్తితే ఇంజను ముక్కు పైకి, గేరుబాక్సు తోక కిందికి వేలాడుతూ లేచింది. టార్చిలైటు పట్టుకోవడం నా డ్యూటీ. సహాయ దర్శకుడి ఉద్యోగమన్నమాట!

ఒకదాన్నొకటి విడదీశాక అసలు పని మొదలైంది. వరసగా చెబుతాను.

మొదటిది, ఇంజను వెనక భాగానికీ మాజ్దా పెట్టెకూ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో అల్యూమినియం అడాప్టరు కావాలి. ఇది రవ్వంత పక్కకు జరిగినా షాఫ్టు వంకరగా తిరిగి బేరింగులు తినేస్తుంది. అందుకే పెద్దాయన కొలిచిందే మళ్ళీ కొలిచాడు.

రెండోది క్లచ్చి ప్లేటు. బయటి చుట్టుకొలత ఎంజీబీకి సరిపోవాలి, నడిమధ్య పళ్ళు మాజ్దా షాఫ్టుకు సరిపోవాలి. అత్తింటికీ పుట్టింటికీ సరిపడ్డ కోడలన్నమాట. క్రాంకు చివర గుంటలో షాఫ్టు ముక్కు కూర్చునే బుష్షు కూడా మారుతుంది.

మూడోది, వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్ళే ప్రొపెల్లరు షాఫ్టు. గేరుబాక్సు పొడవు మారింది గనక ఇదీ కొత్త కొలతతో చేయించాలి. చేయించి బ్యాలెన్సు కూడా చూపించాలి. లేకపోతే మొత్తం కారు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

నాలుగోది, పెట్టెను కిందనుంచి మోసే బ్రాకెట్టు. ఐదోది స్పీడోమీటరు కేబులు. ముల్లు అబద్ధం చెబుతోందేమో సరిచూసుకోవాలి. ఆరోది నూనె. ఎంజీబీ పాత గేరుబాక్సు ఇంజనుకు పోసే నూనెనే తాగుతుంది. మాజ్దాకు గేరు నూనె వేరే. అలవాటు కొద్దీ పాతదే పోస్తే కొత్త పెట్టెకు అన్యాయం చేసినట్టే.

గేరు రాడ్డు పాత కన్నంలోంచే పైకి వచ్చింది. ఎక్కడా రేకు కొయ్యలేదు. ఇలా కోత లేకుండా కుదిరే సామగ్రినే బావగారు ఏరి తెప్పించారు. ఖర్చు వేల పౌన్లలో అయింది. లెక్క అడిగితే అక్కకు చెప్పవద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు గనక రాయడం లేదు. మూడు ఆదివారాలు పట్టింది.

అన్నీ అయ్యాక రాడ్డు మీద మాజ్దా గుండు పెట్టబోతే పెద్దాయన ఆపాడు. పాత గుండు జేబులోంచి తీశాడు. అరచేతి రాపిడికి అంకెలు సగం చెరిగిపోయిన గుండు. మర దారం కలవలేదు. ఇంటికి తీసుకెళ్ళి లేతు మీద సరిచేసి సాయంత్రానికి తెచ్చి తనే బిగించాడు. దానిమీద నాలుగు గేర్లే రాసున్నాయి. ఐదోది ఎక్కడుందో తెలిసినవాడికే తెలుసు.

మొదటి ప్రయాణానికి పెద్దాయన్నే పక్కసీట్లో కూర్చోబెట్టారు. రెండే సీట్లు గనక నాకు చోటు లేదు. బావగారు వచ్చి చెప్పిందే రాస్తున్నాను. ఎం1 మోటర్‌వే మీద ఐదో గేరు పడగానే చప్పుడు సగం తగ్గిందట. పెద్దాయన రేడియో మీట తిప్పి, “ఇన్నేళ్ళలో ఈ కార్లో పాట వినపడటం ఇదే మొదటిసారి” అన్నాడట. తిరిగొచ్చి మా వీధి మలుపులో రెండో గేరు వేసినప్పుడు మాత్రం, “మా ఆవిడ ఉంటే సంతోషించేది. నేనే, ఆ చప్పుడు వస్తుందేమోనని చెవి పెట్టుకుని కూర్చున్నాను” అన్నాడట.

మాయాబజారు లెక్క

ఇలాంటి మార్పుకు ఎదురుచెప్పేవాళ్ళను ఛాందసులని కొట్టిపారెయ్యకూడదు. పాత కారు ఇచ్చే సుఖంలో దాని ఇబ్బందీ భాగమే అంటారు వాళ్ళు. ఒక కాలం వాళ్ళు ఎలా నడిపారో తెలియాలంటే ఆ కాలపు పెట్టెతోనే నడపాలంటారు. ఆ మాటలో నిజముంది. అందరూ మార్చేస్తే అసలుది ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్కటీ మిగలదు. కొనేవాళ్ళలో కూడా చాలామంది ఏ భాగమూ మారని కారుకే ఎక్కువ ధర పెడతారు.

దీనికి మన సినిమాలోనే జవాబుంది. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది, శబ్దం కొత్తగా చేసి 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేశారు. ఆ పని జరిగింది మన హైదరాబాదులోనే. అప్పుడు ఇళ్ళలో ఎన్ని వాదనలు జరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. నలుపు తెలుపుల్లో మార్కస్ బార్‌ట్లీ పట్టిన వెన్నెలను ముట్టుకోవచ్చా అని పెద్దలన్నారు. రంగుల్లో ఉంటేనే మా పిల్లలు కూర్చుని చూశారని తల్లులన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ గొడవ ఎందుకు ముదరలేదంటే, రంగులు వేసినా నలుపు తెలుపుల మాయాబజారు చెరిగిపోలేదు. కావలసినవాళ్ళు ఇవాళ కూడా అదే చూస్తున్నారు.

నా లెక్క ఇంతే. పాతదాన్ని మార్చవచ్చా లేదా అన్నది కాదు ప్రశ్న. మార్చింది వెనక్కి తిప్పగలమా లేదా అన్నది ప్రశ్న. అసలుది భద్రంగా ఉన్నంతవరకూ రంగులద్దుకోండి. దాన్ని చెరిపి అద్దితే మాత్రం అది పాపం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా వారి ట్యూరిన్ చార్టర్ సారం కూడా ఇదే: మార్పు చేస్తే వెనక్కి తిప్పగలిగేలా చెయ్యండి, తీసిన భాగాలు పారెయ్యకుండా దాచండి. మా అక్క ఆ చార్టరు చదవలేదు. టీ కప్పు ఇస్తూ చెప్పేసింది.

అన్నట్టు, ఈ పని మనదేశంలో ఫ్యాక్టరీయే చేసింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంలో పుట్టిన అంబాసిడర్‌కు 1990ల ఆరంభంలో జపాన్ ఇసుజు ఇంజనూ, ఐదు గేర్ల పెట్టే వచ్చాయి. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు నేలమీదికి దిగింది. అది అంబాసిడర్ కాదని ఎవరైనా అన్నారా? 2014లో తయారీ ఆగేదాకా మంత్రులు దిగారు, సినిమాల్లో విలన్లు దిగారు.

రాజమండ్రి తమ్ముడికి

ఇప్పుడు నీ హెరాల్డ్ సంగతి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసిన కారది. మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఆ ఊరి రోడ్ల మీద తిరిగిన బండి. దాని ఇంగ్లీషు అన్న ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసే, 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారు చేశారు. అంచేత మీ తాతగారి కారు స్పోర్ట్సు కారుకు పెదనాన్న కూతురే, తక్కువగా చూడకు.

ముందు పాత పెట్టెనే విప్పించి చూడు. హెరాల్డ్‌లో అది సుళువు. ఎంజీబీలా ఇంజను ఎత్తక్కర్లేదు, లోపల సీట్ల మధ్య కవరు విప్పి గేరుబాక్సును కార్లోంచే తీయవచ్చు. పోయింది బేరింగులో, సింక్రో రింగులో అయితే ట్రయంఫ్ సామాన్లు ఇంగ్లండులో ఇప్పటికీ అమ్ముతున్నారు. వాటితో బాగుపడితే తగాదాయే లేదు.

బాగుపడకపోతే అప్పుడు మీ మెకానిక్కును ఒక ప్రశ్న అడుగు: ఏ మారుతీది? మారుతీ 800 పెట్టె అడ్డంగా పడుకుని ముందు చక్రాలను తిప్పేది, నీ కారు వెనక చక్రాలది. అది కుదరదు. పొడుగ్గా కూర్చునే ఓమ్నీ, జిప్సీల తరహా పెట్టె గురించైతే మాట్లాడవచ్చు. అడాప్టరు ఎవరు చేస్తారు, షాఫ్టు ఎక్కడ బ్యాలెన్సు చేస్తారు, రేకు కొయ్యాలా... ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని మెకానిక్కుకు దణ్ణం పెట్టి వచ్చెయ్యి.

ఆర్టీవో ఆఫీసును మరవకు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వింటేజి రిజిస్ట్రేషను దొరుకుతుంది. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. గేరుబాక్సు మార్చేముందే అక్కడ అడిగి రాయించుకో. ఇన్సూరెన్సు వాళ్ళకూ చెప్పు. ఐదో గేరు వేగాన్నిస్తుంది గానీ ఆపేది బ్రేకులు, ముందు వాటి పని చూడు.

అన్నిటికంటే ముందు మీ నాన్నగారి పక్కన కూర్చో. ఆయన ముట్టుకోవద్దంటున్నది గేరుబాక్సునేనా? ఆ కారులో తాతగారి చప్పుడు ఏదో ఆయనకు వినపడుతూ ఉండాలి. హారనో, తలుపు వేసే మోతో, గేరు మార్చేటప్పటి మూలుగో. అదేదో అడిగి తెలుసుకుని, దాన్ని మాత్రం ముట్టుకోకు. పాత పెట్టెకు నూనె రాసి, గోనెగుడ్డ చుట్టి, అటక మీద పెట్టించు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి నాన్నగారిది ఉండేలా చూసుకో.

వచ్చే వారం: అంబాసిడర్ వెనక సీటు - తెలుగు సినిమా విలన్ల సింహాసనం.